గార్డు కూతురి పెట్టె

పోయిన నెల పెరంబూరు స్టేషన్లో దిగితే, ప్లాట్‌ఫారం చివర గోడవారగా ఇనప పెట్టెలు గుట్టగా పడేసి ఉన్నాయి. నల్ల పెట్టెలు, మూతల మీద తెల్ల రంగుతో గార్డుల పేర్లు. సగం అక్షరాలు చెరిగిపోయాయి. ఇప్పుడు గార్డులకు చక్రాల సంచులు ఇచ్చారట, ఇవన్నీ పాత ఇనప సామానుకు పోతాయట. పక్కన టీ అమ్ముకునే ఆయన చెప్పాడు. ఒకదాని మూత లేపబోయాను. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తెరవకపోయినా లోపల ఏముండేదో నాకు తెలుసు. పచ్చజెండా, ఎర్రజెండా, చేతిలాంతరు, ప్రమాదమప్పుడు పట్టాల మీద పెట్టే టపాకాయలు, మందుల డబ్బా, గొలుసు, తాళం. వాటి కింద ఒక గిన్నె, గరిటె, బియ్యం, ఉప్పు పొట్లం. ఇదంతా నాకు నేర్పిన మనిషి ఒక్కరోజు కూడా గార్డు ఉద్యోగం చెయ్యలేదు. కంప్యూటర్ల పని చేసేది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ గుట్ట ముందు నిలబడిపోయి, ఎక్కాల్సిన ఎలక్ట్రిక్ ట్రైను వదిలేసుకున్నాను.

పేరు చెప్పను. తన పేరు ఎక్కడా కనిపించడం ఆవిడకు ఇష్టముండేది కాదు.

"నేను కట్టిన పెట్టె ఆడికి పోయినాక నన్ను ఎవురూ తలుచుకోకూడదే. తలుచుకున్నారంటే ఏందో చెడిపొయ్యిందని అర్థం," అనేది.

ఫోను మోగకపోవడమే ఆవిడకు పెద్ద మెచ్చుకోలు. పగలంతా పక్కనే ఉన్న ఫోను నోరు మెదపకుండా ఉంటే, సాయంత్రం ఇంటికి పోతూ దాని నెత్తి మీద చేత్తో ఒకసారి తట్టి పోయేది.

అవి తొంభైల చివరి రోజులు. మద్రాసు పేరు మార్చి చెన్నై అని బోర్డులు రాస్తున్నారు గాని, నోరు తిరిగినవాళ్ళు తక్కువ. నుంగంబాకంలో ఒక పాత మేడలో మా కంపెనీ. చిన్న చిన్న ఊళ్ళ ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చేవాళ్ళం. మందుల నిల్వలు, రోగుల వివరాలు, బ్లడ్ బ్యాంకులు, ఇలాంటివి. అందరం పై అంతస్తులో కూర్చునేవాళ్ళం, ఆవిడ ఒక్కతే కింద. చిన్నప్పుడు వచ్చిన జ్వరమొకటి గుండె కవాటాన్ని పాడుచేసి పోయింది. మెట్లెక్కితే ఆయాసం, బస్సులో కుదుపులు పడవు, దూర ప్రయాణాలు అసలే వద్దన్నారు డాక్టర్లు. మాట్లాడేటప్పుడు కూడా వాక్యానికీ వాక్యానికీ నడుమ ఆగి ఒకసారి ఊపిరి తీసుకునేది. కొత్తవాళ్ళు అది ఆలోచన అనుకుని భయపడేవాళ్ళు. నేనూ భయపడ్డాను. తర్వాత తెలిసిందేమిటంటే, అది ఊపిరీ అవును, ఆలోచనా అవును.

నేను తెనాలి నుంచి వచ్చినదాన్ని. మొదటిరోజు నా మాట విని, "నీ తెలుగు రేడియోలో వార్తల మాదిరి ఉండాదే," అని నవ్వింది. వాళ్ళది తరతరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగు క్రైస్తవ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చర్చిలో రెండూ. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివింది. ఆ సంగతి ఎదుటివాళ్ళు మర్చిపోయేలా ఉంటే గుర్తుచేసేది కూడా. అణకువ అనే గుణాన్ని దేవుడు ఆవిడకు ఇవ్వడం మర్చిపోయాడు, ఆవిడా అడగలేదు.

ఆవిడ పనేమిటో చెప్పాలి. మేం రాసిన ప్రోగ్రాములను ఆస్పత్రి కంప్యూటర్లో సర్దడానికి ప్యాకేజీ మేనేజర్ అని వేరే ప్రోగ్రాము ఉండేది. ఏది ఎక్కడ పెట్టాలి, దేనికి ఏది తోడు కావాలి, పాతది తీసి కొత్తది ఎలా పెట్టాలి, అంతా అదే చూసుకునేది. కొత్త కాపురంలో సామాను సర్దిపెట్టే పెద్దమనిషి లాంటిదన్నమాట. చిక్కల్లా, ఆ పెద్దమనిషిని ఇంట్లోకి తెచ్చేదెవరు? దానికి కావలసిన సరంజామా అక్కడ ఉంటేనే అది నడుస్తుంది. ఆ సరంజామా తెచ్చి పెట్టాల్సిందీ అదే. ఎవరో ఒకరు వెళ్ళి, అవస్థ పడి, చేత్తో ఒక్కొక్కటీ పెట్టి రావాలి. మిగతా కంపెనీల్లో అలాగే చేసేవారు.

ఆవిడకు వెళ్ళే వీల్లేదు కదా. అందుకని అన్నిటినీ కుక్కి ఒకే ఒక ఫైలుగా కట్టేది. ఆ ఫైలు తలభాగంలో కాసిని ఆజ్ఞలు, వాటి కింద బిగించిన సామానంతా. నడిపితే చాలు, తనను తానే విప్పుకునేది. మేనేజర్ని కూర్చోబెట్టి, మిగతా పని దానికి అప్పగించి, విప్పిన చెత్త తానే ఊడ్చేసుకుని పోయేది. అక్కడి మిషన్‌ను ఒక్క వస్తువు అడిగేది కాదు. ఆ ఫైలును ఆవిడ పెట్టె అనేది. ఇప్పుడైతే ఇలాంటివి కూర్చున్నచోటికే చిటికెలో దిగుతున్నాయి. అప్పుడు ఆ ఊళ్ళకు ఇంటర్నెట్టు లేదు. పెట్టెను ముక్కలు చేసి ఫ్లాపీల మీదికి ఎక్కించి, రబ్బరు బ్యాండు వేసి ఇస్తే, నాలాంటివాళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు.

"ఈడ ఉండేది ఆడ కూడా ఉంటాదని ఎవురు చెప్పినారే నీకు?" అని అడిగేది, ఎవరైనా ఫలానా ఫైలు అక్కర్లేదక్కా, అన్ని మిషన్లలోనూ ఉంటుంది అంటే. "నువ్వు ఏది వదిలిపెడతావో సరిగ్గా అదే ఆడ ఉండదు."

ఆవిడ చేతిసంచీ చూసినా ఇదే సంగతి. అందులో చెంచా, మడతపెట్టిన ప్లాస్టిక్ పట్టా, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, సూదీ దారం, బ్లేడు, రెండు రకాల ప్లగ్గులు, ఉప్పు. ఎవరి దగ్గరా పెన్ను కూడా అప్పు తీసుకునేది కాదు. మేం అడిగితే ఇచ్చేది గాని, ఇచ్చేటప్పుడు చూసిన చూపుకి మర్నాడు మన పెన్ను మనం కొనుక్కునేవాళ్ళం. ఒకసారి ఆఫీసులో ఒకరి పెళ్ళికి విల్లివాక్కం వెళ్ళాం. విస్తళ్ళలో ఉప్పు వెయ్యడం మర్చిపోయారు. పంక్తి అంతా ఉప్పు ఉప్పు అని కేకలేస్తుంటే, ఆవిడ తాపీగా పొట్లం విప్పి తన విస్తట్లో వేసుకుని, పక్కవాళ్ళకు అందించింది. ఆ పొట్లం పంక్తి చివరిదాకా వెళ్ళి వచ్చింది. "ఏం చేస్తార్రా నేను లేకపోతే?" అని పైకే అంది. పెళ్ళికొడుకు తండ్రి విన్నాడు కూడా.

కింద గదిలో ఆవిడ పక్కన ఒక పాత కంప్యూటర్ ఉండేది. దాన్ని మేం బోడిది అనేవాళ్ళం, తమిళ పిల్లలు మొట్టై అనేవాళ్ళు. ఎందుకంటే ఆవిడ దానికి వారం వారం గుండు కొట్టేది. ఉన్నదంతా తుడిచేసి, మిషన్ లేవడానికి ఎంత కావాలో అంతే ఉంచేది. కొత్త పెట్టె కట్టాక ముందు ఆ బోడిదాని మీద నడిపేది. అది చూడ్డానికి నేను పైనుంచి దిగి వచ్చేదాన్ని. ఆజ్ఞ టైపు చేసి, ఒక్క మీట నొక్కి, రెండు చేతులూ కీబోర్డు మీదినుంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకునేది. అంతే, ఇంక చేతులు కదిలేవి కావు. తెర మీద వరసలు పరిగెత్తేవి. ఏమీ లేని ఆ మిషన్లో ఒక ఇల్లు లేచేది. గోడలు, తలుపులు, పొయ్యి, పొయ్యి మీద గిన్నె, అన్నీ దేనికది వచ్చి కూర్చునేవి. మధ్యలో ఎక్కడైనా ఆవిడ చెయ్యి ఒళ్ళోంచి లేచిందంటే ఆ పెట్టె పనికిరాదు, మళ్ళీ కట్టాల్సిందే. నేను చాలామంది తెలివైనవాళ్ళ పక్కన పనిచేశాను. తర్వాత షోళింగనల్లూరులో అద్దాల మేడల్లో కూడా చేశాను. ఒళ్ళో చేతులు పెట్టుకున్న ఆ మనిషిని చూసి నిశ్చేష్టురాలినైనట్టు మళ్ళీ ఎక్కడా కాలేదు.

ఒక ఆదివారం ఇంటికి రమ్మంది. పెరంబూరులో రైల్వే క్వార్టర్స్ వెనక సందులో చిన్న ఇల్లు. ఆవిడా, తండ్రీ, ఇద్దరే. ఆయన గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరయ్యాడు. ముందు గదిలో కూర్చోడానికి కుర్చీ బదులు ఇనప పెట్టె ఉంది, మీద దుప్పటి మడత. నన్ను దాని మీదే కూర్చోబెట్టి, కాసేపటికి లేపి, మూత తెరిచి చూపించాడు ఆ పెద్దాయన.

"నడిదారిలో బండి నిలిచిపోతే ఆడ ఎవురుంటారమ్మా? స్టేషన్ ఉంటాదా, అంగడి ఉంటాదా? ఇంజను ఆ కొసన, నేను ఈ కొసన. నా పెట్టే నాకు స్టేషను," అన్నాడు.

చిన్నప్పుడు జ్వరంతో మంచం మీద పడి ఉండి, ఆయన డ్యూటీకి పెట్టె సర్దుకోవడం చూస్తూ పెరిగిందట ఆవిడ. నాకప్పుడు అర్థమైంది, ఈవిడ చదివిన చదువు వేరు, నేర్చుకున్న చోటు వేరు అని.

కాఫీ తాగుతుండగా ఆయన లోపల్నుంచి కేకేశాడు. "అమ్మణ్ణీ, టైమెంత?"

ఆవిడ గోడ గడియారం చూసింది. "నాలుగూ పది, నైనా."

"సరి," అన్నాడాయన. తలుపు సందులోంచి చూస్తే చొక్కా జేబులోంచి గొలుసు గడియారం తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకుంటున్నాడు. చేతిలో గడియారం పెట్టుకుని టైమడగడమేమిటని నేను నవ్వాను.

"గార్డు తన వాచీని ఒంటరిగా నమ్మకూడదే," అంది ఆవిడ. "ఇంకొకరితో సరిచూసుకోవాల. డ్యూటీకి పొయ్యేముందు నన్నడిగేవాడు. ఆడికి పోయి స్టేషన్ మాస్టర్ని అడిగేవాడు. ఇప్పుడు డ్యూటీ లేదు, అలవాటు మాత్రం పోలా."

ఆ మాట అప్పుడు ఆవిడా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

మా యజమాని చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయనకు ఒక భయం ఉండేది. ఒకరోజు కిందికి దిగి వచ్చి, నా ముందే అడిగేశాడు. తమిళంలోనే అన్నాడు.

"నీ పెట్టె ఏదో ఒక ఊళ్ళో ఆగిపోయిందనుకోమ్మా, నేనేం చెయ్యాలి? కట్టిన మనిషే పోయి సరిచెయ్యాలి. నువ్వు పోలేవు. అప్పుడు పోగలిగినవాళ్ళను ఈ కుర్చీలో పెట్టుకోక తప్పదు నాకు."

"సరి సార్. ఆగిపోయిన రోజు నేనే లేచిపోతా," అంది ఆవిడ, ఊపిరి కూడా తీసుకోకుండా.

ఆవిడ జీతం లేకపోతే ఇల్లు గడవదని కాదు. తండ్రికి పెన్షన్ ఉంది. ఆవిడకు పోయేది వేరు. గుమ్మం దాటి నాలుగు వీధులు నడవలేని మనిషి, ఆ పెట్టెలో కూర్చునే ఊళ్ళన్నీ తిరిగేది. మేం తిరిగొచ్చాక, ఆ ఊరు ఎట్టుంది, ఆస్పత్రి కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, ఆడ అన్నంలోకి ఏం పెట్టారు అని గుచ్చిగుచ్చి అడిగేది. కుర్చీ పోతే ఆవిడకు ఆ ఊళ్ళన్నీ పోతాయి. ఇది ఆవిడ నోటితో చెప్పలేదు. చెప్పాలా?

ఆ తర్వాత కొన్నాళ్ళకే చిత్తూరు జిల్లాలో ఒక చిన్న ఊరి మిషన్ ఆస్పత్రికి పెట్టె తీసుకుని నేను బయల్దేరాను. బ్లడ్ బ్యాంకు కోసం. ఏ గ్రూపు రక్తం ఎంత ఉంది, ఏ సీసాకు ఏ తేదీకి కాలం చెల్లుతుంది, అది చెప్పడమే మా ప్రోగ్రాము పని. పెరంబూరులో కూడా ఆగే పగటి ప్యాసింజరు ఒకటి ఆ ఊరికి నేరుగా పోయేది. ఆస్పత్రిలో ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్. దాని పక్కన ల్యాబ్ టెక్నీషియన్, నడివయసాయన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంప్యూటరంటే ఆయనకు ఇంటికొచ్చిన కొత్త అల్లుడి మీదుండే అనుమానం.

ఫ్లాపీలన్నీ ఎక్కించి, ఆజ్ఞ కొట్టి, నేను కూడా ఆవిడలాగే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. తెర మీద ఒకే ఒక్క వరస వచ్చి ఆగిపోయింది. ఆవిడ పెట్టెలో మాటలు ఇంగ్లీషు అక్షరాలతో రాసిన ఆవిడ తెలుగే. ఈ పెట్టె ఇంకా కట్టలే, అంది అది.

"ఏందమ్మా, కట్టకుండానే తెచ్చినావా?" అన్నాడు టెక్నీషియన్.

ఆస్పత్రి ఫోను పెద్ద సిస్టరమ్మ గదిలో ఉంది, ఈ గదికి వసారా ఆ కొసన. వెళ్ళి ఆఫీసుకు చేశాను. ఆవిడే ఎత్తింది.

"అక్కా, ఆగిపోయింది."

ఊపిరి చప్పుడు వినిపించింది. "ఏమంటా ఉండాది?"

"ఈ పెట్టె ఇంకా కట్టలే అంటోంది."

"అది ఈరోజు ఏ తేదీ అనుకుంటా ఉండాదో చూసి రా."

పరిగెత్తాను. చూశాను. మళ్ళీ పరిగెత్తుకొచ్చాను. "పంతొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటి అక్కా."

లోపల గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. పాత మిషన్లు అంతే, బ్యాటరీ పోతే లేచిన ప్రతిసారీ ఎనభైలోనే కళ్ళు తెరిచేవి. పెట్టె కట్టిన తేదీ కంటే మిషన్ తేదీ వెనక ఉంటే ఏదో పాడైందని లెక్క, ముందుకు పోవద్దు అని ఆవిడే ఒక కాపలా పెట్టింది. ఆ కాపలా తన పని తాను చేసింది.

"తేదీ నేను చేత్తో సరిచేసి నడిపించేస్తానక్కా. నిమిషం పని. సార్‌తో ఇది చెప్పేంత సంగతి కూడా కాదు," అన్నాను.

"సుమ్మా ఉండు," అని కసిరింది. "ఆడ కరెంటు పోతాదా?"

"రోజూ పోతుందట."

"పొయ్యి వస్తే ఏమయితాది?"

నేను జవాబు చెప్పేలోపు, నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ టెక్నీషియన్ అందుకున్నాడు. "ఎనభయ్యో సంవత్సరమంటే, మా ఫ్రిజ్జులో రక్తానికి ఇంకా పద్దెనిమిదేళ్ళు ఆయుసుండాది గదమ్మా! చెడిపోయిందాన్ని గూడా ఎక్కించేయొచ్చు."

ఆయన ఎకసెక్కానికే అన్నాడు. ఫోనులో ఆవిడకు వినిపించింది. లైను తెగిందేమోనని హలో హలో అన్నాను.

"ఉండా," అంది. "నైనా వాచీ పెట్టెలో ఉండేది కాదే. జేబులో ఉండేది. నేను చిన్నప్పటి నుంచీ పెట్టెనే చూసినా. జేబు చూళ్ళా." ఆగి, ఊపిరి తీసుకుంది. "తప్పు నాది. సార్‌ని కిందికి పిలిచి చెప్తా. నువ్వు దాన్ని ముట్టుకోబాక. రేపు మద్యానం ప్యాసింజరుకి స్టేషన్‌కి పోయి గార్డు బోగీ కాడ నిలబడు."

ఆ మధ్యాహ్నం అక్కడేం జరిగిందో మా యజమానే తర్వాత నాకు చెప్పాడు. ఆయన దిగి రాగానే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడిందట. పెట్టె ఆగిపోయింది సార్, తప్పు నాది, కుర్చీ సంగతి రేపు సాయంత్రం మాట్లాడదాం, అంతవరకూ నా పని నన్ను చేసుకోనివ్వండి అందట. ఆయన పైకి వెళ్ళిపోయాడు. ఆవిడ బోడిదాని మూత విప్పి, గడియారం బిళ్ళను గోటితో పెకలించి, దాన్ని కూడా ఎనభైలోకి తోసి, కొత్త పెట్టె కట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం నేను స్టేషన్లో ఉన్నాను. ప్యాసింజరు వచ్చి ఆగింది. చివరి బోగీలోంచి తెల్ల బట్టల గార్డు తొంగిచూశాడు.

"పెరంబూరు మామ కూతురు చెప్పిన అమ్మాయివి నువ్వేనా?"

అవునన్నాను. ఆయన పెట్టె మూత లేపి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టిన పొట్లం తీశాడు. పొద్దున తండ్రి పెరంబూరు ప్లాట్‌ఫారం మీద ఎక్కించాడట. దారిలో గార్డు మారినచోట, ఆ పెట్టెలోంచి ఈ పెట్టెలోకి మారి వచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు.

"ముందు నీ వాచీలో టైమెంతో చెప్పు. అది చూసి గాని ఇవ్వొద్దని చెప్పి పంపినారు."

చూసి చెప్పాను. ఆయన జేబులోంచి తన గడియారం తీశాడు. "నాలుగు నిమిషాలు ముందుండావు. తిప్పుకో." ఆయన చూస్తుండగా ముల్లు వెనక్కి తిప్పుకున్నాను. అప్పుడిచ్చాడు పొట్లం. ఈల వేశాడు, పచ్చజెండా ఊపాడు, బండి కదిలింది.

నేను అక్కడే నిలబడిపోయాను. పెట్టె గార్డు పెట్టెలో వచ్చింది. పెట్టెలో పట్టని గడియారం గార్డు జేబులో వచ్చింది. ఊరు దాటలేని మనిషి, మద్రాసులో ఒక కింది గదిలో కూర్చుని, నా చేతి గడియారం సరిచేసింది.

పొట్లంలో ఫ్లాపీల కట్ట, దానికి అంటించి ఒక బిళ్ళ బ్యాటరీ. బోడిదానిలోంచి పెకలించిందే.

కొత్త పెట్టెను నడిపాను. ఈసారి అది ఆగిపోలేదు, అడిగింది. మీ వాచీలో టైమెంత, అని. ఎవర్నీ ఏమీ అడగని ఆవిడ పెట్టె మొదటిసారి మనిషిని ఒక మాట అడిగింది. తేదీ, టైము కొట్టాను. మీరు సరిచూసినారా, అంది. టెక్నీషియన్‌ని పిలిచి ఆయన వాచీ కూడా చూసి, సరిచూశామన్నాను. ఇంక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇల్లు లేచింది. టెక్నీషియన్ కట్టుకున్న చేతులు విప్పాడు. కరెంటు తీసి మళ్ళీ పెట్టి చూశాం. ఎనభైలో లేచింది, లేస్తూనే టైమెంతని అడిగింది, చెప్పేదాకా ఒక్క సీసా సంగతి కూడా బయటపెట్టలేదు. చివరికి బిళ్ళ మార్చాం. ఆ తర్వాత అడగడం మానేసింది.

తిరిగొచ్చేసరికి కుర్చీ సంగతి తేలిపోయింది. యజమాని ఆవిడతో, "నీ పెట్టె తనంతట తాను పోతుందన్నావు. ఇప్పుడు మనిషిని అడుగుతోందిగా?" అన్నాడట.

"స్టేషన్ మాస్టర్ని టైమడిగిన గార్డుకు పని రాదంటారా సార్?" అందట ఆవిడ.

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు. "గార్డు ఎంత తిప్పించినాడు నీ వాచీని?" అని అడిగి, చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఆయాసపడింది. ఆ ఊరి స్టేషన్ బయట ఏ చెట్లున్నాయో, టెక్నీషియన్ చేతులు ఏ నిమిషాన విప్పాడో, అన్నీ చెప్పించుకుంది.

బోడిదానికి కొత్త బిళ్ళ వెయ్యమంటే వెయ్యలేదు. పొద్దున్నే స్విచ్చి వేస్తే అది ఎనభైలో లేచి, మీ వాచీలో టైమెంత అని అడిగేది. ఆవిడ సంచి కూడా దించకుండా, చేతి గడియారం చూసి, పైకి చెబుతూ కొట్టేది. తొమ్మిదీ ఇరవై. తొమ్మిదీ పద్దెనిమిది. మెట్ల మీద పోతూ మేం వినేవాళ్ళం. పెన్ను కూడా అప్పడగని మనిషి ఆ తర్వాత మారిందనను గాని, ఒకరోజు నన్ను పిలిచి, "ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిస్తావా?" అంది. సంచిలో సీసా ఉండగానే. నేను పరిగెత్తి తెచ్చాను.

రెండేళ్ళకు ఆవిడ పోయింది. ఆపరేషన్‌కు ఒప్పుకుంది గాని, గుండె ఒప్పుకోలేదు. సమాధి దగ్గర తండ్రి ఎవర్నీ టైమడగలేదు. జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

ఆవిడ కుర్చీలోకి నన్ను దించారు. ఒళ్ళో చేతులు పెట్టుకోవడం నాకు వచ్చిందని మా యజమాని అభిప్రాయం. నేను కట్టిన పెట్టెలకు ఫోన్లు వచ్చేవి. ఆవిడ కట్టినవాటికి రాలేదు. చిత్తూరు జిల్లా ఆస్పత్రి నుంచి అసలే రాలేదు. నేను కూడా ఆ ఊరిని మర్చిపోయాను.

కొన్నేళ్ళకు ఒకరోజు పొద్దున ఫోను మోగింది. ఎవరో కుర్రగొంతు. ఆ ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో కొత్తగా చేరాడట, పాతాయన రిటైరయ్యాడట. కంప్యూటర్ మీద అంటించిన చీటీలో నంబరు చూసి, ఆ గదిలోకే కొత్తగా వచ్చిన ఫోను నుంచి చేస్తున్నాడు.

"మేడమ్, రాత్రి గాలివానకు కరెంటు పోయి ఇప్పుడొచ్చినాది. ఇది లేస్తానే టైమెంత అని అడుగుతా ఉండాది. ఎప్పుడూ ఇట్ట అడగలేదు. పాడైపొయ్యిందా మేడమ్?"

బోడిదాని బిళ్ళ అన్నాళ్ళు నడిచి చచ్చిపోయిందన్నమాట.

"పాడవలేదు. బాగానే ఉంది," అన్నాను.

"తెలుగులో అడుగుతా ఉండాది మేడమ్, మన మాటలోనే. ఎవురు మేడమ్ అడిగేది? లోపల ఎవురన్నా ఉండారా?"

"ఉన్నారు," అన్నాను. "నీ వాచీలో టైమెంత?"

"పదిన్నర."

నేను నా గడియారం చూసుకున్నాను. "నువ్వు రెండు నిమిషాలు వెనకున్నావు. తిప్పుకో. తిప్పుకుని, అప్పుడు చెప్పు దానికి."

సరే మేడమ్, అని ఫోను బల్ల మీద పెట్టాడు. వాచీ తిప్పుకుంటున్నట్టున్నాడు. తర్వాత ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొడుతున్న టకటక వినిపించింది. నేను ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వచ్చేసింది మేడమ్ అని ఆ అబ్బాయి అనేదాకా కదలకుండా కూర్చున్నాను.